పల్లెబడి నుండి ట్యూరింగు బహుమానము వఱకు : ఆచార్య రాజ్ రెడ్డిగారి కృషి

(బాళగనూరు పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

పాఠశాల నివేదికను ఇంతకుముందే చదివితిని. ఉత్తీర్ణులైనవారి వివరములు, దాతల పేర్లు, క్రీడలలో గెలిచిన పిల్లల పేర్లు మీరు వినియే యున్నారు. మిగిలిన కొద్ది సమయమున ఒక తెలుగువాని జీవితమును గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. ఆయన కంప్యూటరు శాస్త్రజ్ఞుడు. పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకమంతయు ఆయనను రాజ్ రెడ్డి యని పిలుచును.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. ప్రతి సంవత్సరము జూను మాసము వచ్చినంతనే బదిలీ పత్రముల కొఱకు కొందఱు తల్లిదండ్రులు నా గదికి వత్తురు. వారడుగు ప్రశ్న దాదాపు ఒక్కటియే. "మాస్టారూ, మావాణ్ణి సాఫ్ట్‌వేరు ఇంజనీరును చేయాలనుకుంటున్నామండి. తెలుగులో చదివితే అవుతాడంటారా?" ఈ ప్రశ్నలో ఆశ కలదు, భయమును కలదు. మన పెద్దలలో కొందఱు తరతరాలుగా ఈ సీమవారే. మఱికొందఱు తుంగభద్ర ఎడమగట్టు కాలువ నీటిని నమ్మి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి వచ్చి, క్యాంపులలో గుడిసెలు వేసికొని, తుమ్మ చెట్లు కొట్టి, నల్లరేగడి నేలను మాగాణిగా మార్చినవారు. అట్టివారు బిడ్డల చదువును గూర్చి భయపడుట సహజమే. ఆ భయమునకు గుమ్మములో నిలువబడి రెండు మాటలలో సమాధానము చెప్పుట న్యాయము కాదు. కావున నేడు కొంత వివరముగా చెప్పుదును.

మొదట సాఫ్ట్‌వేరు అనగా నేమో తెలిసికొందము. కంప్యూటరునకు రెండు భాగములు. కంటికి కనబడు పెట్టె, తెర, మీటలు ఒక భాగము. కంటికి కనబడని ఆజ్ఞల వరుస రెండవ భాగము. ఈ రెండవదానికే సాఫ్ట్‌వేరు అని పేరు. యంత్రము తనంతట తా నేమియు నెఱుగదు. ఏది ముందు చేయవలెను, ఏది తరువాత చేయవలెను, ఒకటి జరిగినచో నేమి, జరుగకున్నచో నేమి, అని ఒక్క మెట్టును విడువక వ్రాసి యిచ్చినప్పుడే అది పని చేయును.

మన పనిలోనుండియే ఒక ఉదాహరణము చెప్పెదను. నారు పోయుట మొదలు వడ్లు మిల్లునకు చేర్చువఱకు గల పనినంతయు, పొలమునే చూడని పట్నవాసికి కాగితముపై వ్రాసి యిమ్మని మిమ్ములను కోరితి ననుకొనుడు. "నీరు పెట్టు" మని వ్రాసిన చాలదు. ఎంత లోతు నీరు, ఎన్ని దినములు, కాలువ కట్టివేసినచో నేమి చేయవలెను, వాన పడినచో నేమి చేయవలెను, ఎరువు వేయు దినమున నీటిని తీయవలెనా నిలుపవలెనా, ఇవన్నియు వ్రాయవలెను. ఒక్కటి మఱచినచో ఆ పట్నవాసి అచటనే నిలిచిపోవును. లేదా పైరును పాడుచేయును. సాఫ్ట్‌వేరు ఇంజనీరు చేయు పని ఇట్టిదే. అతనికి మొదట కావలసినది తెలిసిన దానిని తప్పులేకుండ, క్రమముగా, ఎదుటివానికి అర్థమగునట్లు చెప్పు శక్తి. ఈ శక్తి పిల్లవానికి ఏ భాషలో మొదట అలవడునో ఆలోచింపుడు.

ఇక రాజ్ రెడ్డిగారి సంగతి. వారు 1937వ సంవత్సరము జూను 13వ తేదీన చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిరి. ఆనాడు ఆ జిల్లా మద్రాసు రాజధానిలో నుండెను. తండ్రి శ్రీనివాసులు రెడ్డిగారు వ్యవసాయదారులు. తల్లి పిచ్చమ్మగారు గృహిణి. ఆ కుటుంబమున కళాశాల గడప త్రొక్కిన మొదటివాడు ఈయనయే. పలకయు, కాగితమును సులభముగా దొరకని ఆ కాలపు పల్లెబడులలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. రాజ్ రెడ్డిగారి అక్షరాభ్యాసమును అట్టిదే.

పల్లె చదువు ముగిసిన పిమ్మట వారు మద్రాసు చేరిరి. 1958లో గిండీ ఇంజనీరింగు కళాశాల నుండి పట్టము పొందిరి. ఆ పట్టము కంప్యూటరు శాస్త్రమున కాదు, సివిల్ ఇంజనీరింగునందు. అనగా వంతెనలు, కట్టడములు, కాలువలు నిర్మించు విద్య. ఆనాటికి మన దేశపు కళాశాలలలో కంప్యూటరు శాస్త్రమను ప్రత్యేక శాఖయే లేదు. ఇరువదియొక్క యేండ్ల వయసు వచ్చువఱకు ఆయన చదివినది వేఱు విద్య. ఈ సంగతి మన తల్లిదండ్రులు ప్రత్యేకముగా గుర్తింపవలెను. ఆఱవ తరగతి పిల్లవానికి కంప్యూటరు శిక్షణ దొరకలేదని, ఇక వాని బ్రదుకు ముగిసినదని చింతించువారు కొందఱున్నారు. అట్టి చింత అనవసరము.

అటుపిమ్మట ఆయన ఆస్ట్రేలియాకు వెళ్ళి, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున 1960లో ఎం.టెక్. పట్టము గ్రహించిరి. కంప్యూటరుతో పరిచయము ఆ దేశముననే కలిగినది. ఆనాటి కంప్యూటరు గదినిండ ఉండు పెద్ద యంత్రము. నేడు మీ జేబులో నున్న ఫోనుతో పోల్చినచో దాని శక్తి లెక్కకు రాదు. ఆస్ట్రేలియాలోనే ఐ.బి.ఎం. సంస్థయందు సుమారు మూడు సంవత్సరములు పనిచేసి, పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, జాన్ మెకార్తీగారికి శిష్యులైరి. కృత్రిమ మేధ అను శాస్త్రమునకు ఆంగ్లమున ఆ పేరు పెట్టినవారు ఈ మెకార్తీగారే. 1966లో రాజ్ రెడ్డిగారు డాక్టరేటు పొందిరి. మనుష్యుని మాటను కంప్యూటరు గుర్తించుట యెట్లు అనునది వారి పరిశోధన విషయము. మూడేండ్లు స్టాన్‌ఫర్డులోనే అధ్యాపకత్వము నెఱపి, 1969లో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరిరి. వారి జీవితకృషి అధికభాగము అచటనే జరిగినది.

మాటను గుర్తించుట యందు కష్టమేమున్నదని మీరడుగవచ్చును. మూడేండ్ల పసివాడు చేయు పనియే కదా! కాని పసివానికి సులభమైనది యంత్రమునకు మిక్కిలి కష్టము. మనము వ్రాయునపుడు పదమునకును పదమునకును నడుమ ఖాళీ విడిచెదము. మాటాడునపుడు విడువము. "రాముడింటికి వెళ్ళెను" అని పలికినపుడు "రాముడు" అను పద మెక్కడ ముగిసినది? "ఇంటికి" అను పద మెక్కడ మొదలైనది? ధ్వనిలో ఏ గీతయు లేదు. పైగా నడుమ నొక ఉకారము మాయమైనది. దీనిని మన ఎనిమిదవ తరగతి పిల్లలు ఉత్వసంధి యందురు. పిల్లలు విసుగుకొనుచు చేయు ఈ సంధి విడదీయు పనియే, రూపము మార్చుకొని, గొప్ప శాస్త్రజ్ఞుల ఎదుట సమస్యగా నిలిచినది. అదియునుగాక, ఒకే మాటను మగవాడు పలికిన నొక తీరు, ఆడది పలికిన నొక తీరు, జలుబు చేసినవాడు పలికిన మఱియొక తీరు. నేపథ్యములో ట్రాక్టరు మ్రోగుచున్నచో మఱింత చిక్కు.

యంత్రము ధ్వనిని వినదు. అంకెలను మాత్రమే ఎఱుగును. ధ్వని తరంగమును సెకనుకు వేలమార్లు కొలిచి అంకెలుగా మార్చి దానికి అందింపవలెను. టెలిఫోను మాటకైనను సెకనుకు 8,000 కొలతలు తీయుదురు. ఆ అంకెల రాశి నుండి అక్షరమును, అక్షరముల నుండి పదమును, పదముల నుండి వాక్యమును కనుగొనవలెను.

రాజ్ రెడ్డిగారును వారి సహచరులును కార్నెగీ మెలన్‌లో నిర్మించిన తొలి పద్ధతి పేరు హియర్సే. దానిని చదరంగముతో పరీక్షించిరి. మనుష్యుడు తన ఎత్తును నోటితో చెప్పును. యంత్రము విని ఎదురెత్తు వేయును. చదరంగమును ఏల ఎన్నుకొనిరి? ఆటలో ఒక్కొక్క సమయమున వేయదగిన ఎత్తులు కొన్నియే యుండును. కావున వినబడిన ధ్వని అస్పష్టముగా నున్నను, ఆట తెలిసిన యంత్రము ఇతడు చెప్పదగిన మాట యేదో ఊహింపగలదు. మనమును అంతే. చెవిటి తాతగారితో పంటల సంగతి మాటాడునపుడు సగము మాటలు వినబడకున్నను ఆయన సరిగానే బదులు చెప్పును. విషయము తెలిసినవాని చెవి వినని మాటను పూరించుకొనును. జ్ఞానము లేనిదే వినికిడి లేదు. ఈ సూత్రము రాజ్ రెడ్డిగారి పరిశోధనకు మూలస్తంభము వంటిది.

తరువాత వచ్చిన రెండవ హియర్సేలో ఈ సూత్రమును ఇంకను విస్తరించిరి. ఆ పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మన బడివారికి సంతోషము కలిగించును. దానిని నల్లబల్ల పద్ధతి యందురు. ఒక నల్లబల్ల చుట్టును పలువురు పండితులు కూర్చున్నట్లు ఊహింపుడు. ఒకనికి ధ్వనులు మాత్రమే తెలియును. ఒకనికి పదములు తెలియును. వేఱొకనికి వ్యాకరణము తెలియును. మఱియొకనికి మాటాడుచున్న విషయము తెలియును. ఎవ్వనికిని సమస్తము తెలియదు. ధ్వని పండితుడు తన యూహను బల్లపై వ్రాయును. దానిని చూచి పదపండితుడు తన యూహను చేర్చును. వ్యాకరణ పండితుడు "ఈ రెండు పదములు ఇట్లు కలియవు" అని ఒకదానిని కొట్టివేయును. ఇట్లు ఒకరి తప్పును మఱొకరు దిద్దుచు కడకు వాక్యమును తేల్చెదరు. ఈ పండితులు మనుష్యులు కారు, ప్రోగ్రాములు. ఈ పద్ధతి తరువాతి కాలమున మాటలకే గాక ఇతర సమస్యలకును ఉపయోగపడినది.

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ మాటను గ్రహించు యంత్రముల కొఱకు ఐదేండ్ల ప్రణాళిక నొకటి ఆరంభించినది. వేయి పదములు తెలిసి, ఆగక మాటాడు వాక్యములను నూటికి తొంబదివంతులు సరిగా గ్రహింపవలెనని వారి లక్ష్యము. 1976 నాటికి రాజ్ రెడ్డిగారి బృందము వారు నిర్మించిన హార్పీ అను పద్ధతి 1,011 పదములతో ఆ లక్ష్యమును సాధించినది.

గురువు గొప్పతనమును శిష్యులను బట్టి కొలువవలెనని మా ఉపాధ్యాయుల నమ్మకము. రాజ్ రెడ్డిగారి వద్ద డాక్టరేటు చేసిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ అను దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్ అను సంస్థను స్థాపించి, మాటను వ్రాతగా మార్చు సాఫ్ట్‌వేరును ప్రజల చేతికి అందించిరి. మఱియొక శిష్యుడు కై-ఫు లీ 1988లో స్ఫింక్స్ అను పద్ధతిని పూర్తి చేసెను. అంతకుముందటి పద్ధతులు ఒక్కొక్కరి కంఠమునకు అలవాటు పడిన గాని సరిగా పనిచేయకుండెను. స్ఫింక్స్ క్రొత్తవాని మాటను కూడ, అతడు ఆగక మాటాడినను, గ్రహింపగలిగినది. నేడు మీరు ఫోనును మూతికడ పెట్టుకొని మాటతో వెదకుచున్నారు గదా. అచటికి చేరిన బాటలో ఈ పల్లెటూరి తెలుగువాని అడుగులు, ఆయన శిష్యుల అడుగులు కలవు.

1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థ నెలకొన్నపుడు దానికి రాజ్ రెడ్డిగారు ప్రథమ సంచాలకులై 1991 వఱకు నడిపిరి. పిదప 1999 వఱకు అచటి కంప్యూటరు శాస్త్ర విద్యాలయమునకు డీనుగా నుండిరి. 1984లో ఫ్రాన్సు దేశాధ్యక్షులు మిత్తరాఁ వారికి లీజియన్ ఆఫ్ ఆనర్ అను గౌరవము నిచ్చిరి. పేద దేశముల ప్రజలకు కంప్యూటరు విద్య చేరవలెనని పారిసులో నెలకొల్పిన కేంద్రమున వారు చేసిన సేవకు అది గుర్తింపు. 1994వ సంవత్సరపు ట్యూరింగు బహుమానమును వారును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌గారును కలిసి పొందిరి. కంప్యూటరు శాస్త్రమున దీనికి మించిన బహుమానము లేదు. నోబెల్ బహుమానముతో దీనిని పోల్చుచుందురు. ఆసియా సంతతివారిలో దీనిని పొందిన మొదటివారు రాజ్ రెడ్డిగారు. 2001లో మన ప్రభుత్వము వారికి పద్మభూషణ పురస్కారము నొసగినది.

ఇంత యెత్తు చేరినవాడు పల్లెను మఱచెనా? మఱువలేదు. 1998లో హైదరాబాదున ఆరంభమైన ట్రిపుల్ ఐటీ సంస్థ పాలకమండలికి అధ్యక్షత వహించిరి. 2008లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము బాసర, నూజివీడు, ఇడుపులపాయ అను మూడుచోట్ల స్థాపింపబడినపుడు దానికి ప్రథమ కులపతి యైరి. పదవ తరగతి ముగిసిన పల్లెపిల్లలలో తెలివిగలవారిని ఏఱి, ఆఱు సంవత్సరములు వసతి గృహముననే యుంచి, ఇంజనీర్లను చేయుట ఆ విశ్వవిద్యాలయపు పద్ధతి. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన పిల్లలకు ప్రవేశమున అదనపు మార్కుల సౌకర్యమును కల్పించిరి. కాటూరు నుండి వచ్చినవానికి కాటూరు వంటి పల్లెల పిల్లల అవసరము తెలియును.

ఇంకొక సేవ. పది లక్షల పుస్తకములను పుట పుటయు ఛాయాచిత్రములుగా తీసి కంప్యూటరులో భద్రపరచవలెనని ఒక పథకమును ఆయన ముందుండి నడిపిరి. కార్నెగీ మెలన్‌తో పాటు మన బెంగుళూరు నందలి భారతీయ విజ్ఞాన సంస్థ, చైనా, ఈజిప్టు దేశముల సంస్థలు ఇందు చేరినవి. 2007 నాటికి ఆ సంఖ్య పదిహేను లక్షలు దాటినది. అందు తెలుగు పుస్తకములును కలవు. చెదలకు, చెమ్మకు పాలు కావలసిన ఎన్నియో పాత తెలుగు గ్రంథములు నేడు ఫోనులో చదువుటకు దొరకుచున్నవన్నచో ఆ పథకము ప్రధాన కారణములలో నొకటి.

తల్లిదండ్రులారా! ఇంతవఱకు చెప్పినది వినుటకు ఇంపుగా నుండును. ఇప్పుడు ఇంపుగాని మాటలును కొన్ని చెప్పవలెను. తెలుగు బడిలో చదివిన ప్రతి బాలుడును రాజ్ రెడ్డి యగునని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పిన నది అసత్యము. ఆయన ఇంగ్లీషు నేర్వకయే పైకి రాలేదు. గిండీలోను, ఆస్ట్రేలియాలోను, అమెరికాలోను ఆయన చదివినది, బోధించినది ఇంగ్లీషుననే. ఇంగ్లీషు వలదని ఎవరైన మీకు చెప్పినచో నమ్మవలదు. సాఫ్ట్‌వేరు వృత్తిలో పుస్తకములు, ఉత్తర ప్రత్యుత్తరములు, ఉద్యోగపు ప్రశ్నలు అన్నియు అధికముగా ఇంగ్లీషుననే యుండును.

మఱియొక ఉదాహరణమును కూడ న్యాయముగా చెప్పవలెను. మీలో పలువురు సత్య నాదెళ్ళగారి పేరు చెప్పుదురు. 1967లో హైదరాబాదున జన్మించి, మన కర్ణాటకమందలి మణిపాలులో 1988లో ఇంజనీరింగు పట్టము పొంది, 1992లో మైక్రోసాఫ్టు సంస్థలో చేరి, 2014లో దానికి ముఖ్యాధికారి యైరి. వారు మేధావులే. కాని వారు చదివినది హైదరాబాదు పబ్లిక్ స్కూలునందు. తండ్రి యుగంధర్‌గారు పేరుగల ఐ.ఎ.ఎస్. అధికారి. అట్టి ఇల్లు, అట్టి బడి మన క్యాంపులలోని బిడ్డకు లేవు. కావున ఆ చరిత్రను చూచి, ఇంగ్లీషు బోర్డు తగిలించిన బడియే పిల్లవాని నచటికి చేర్చునని తలంచుట పొరపాటు. ఇంటిలో పుస్తకము, ఇంగ్లీషు మాటాడు పెద్దలు ఉన్న బిడ్డకు ఆ బడి మెట్టుగా నుండవచ్చును. అవి లేని బిడ్డ అర్థము కాని పాఠమును బట్టీ పెట్టి, ఏడవ తరగతి నాటికి ప్రశ్న అడుగుటయే మానివేయును. ప్రశ్న అడుగుట మానిన బిడ్డ ఇంజనీరు కాజాలడు.

రాజ్ రెడ్డిగారి జీవితము మనకు నేర్పునది ఇంతమాత్రము: మొదట తనకు తెలిసిన భాషలో లోకమును గట్టిగా అర్థము చేసికొన్న బాలుడు, పిదప అన్యభాషను నేర్చి దానిలో అంతే గట్టిగా ఆలోచింపగలడు. పునాది తెలుగులో వేసిన మాత్రమున మేడ ఆగిపోదు. కాని మేడ తనంతట తాను లేవదు. మేమును మీరును కలిసి ఇటుక ఇటుకగా కట్టవలెను.

నేడు మార్గములు నాటికంటె అధికముగా నున్నవి. 2019లో మన రాయచూరునకే ట్రిపుల్ ఐటీ వచ్చినది. దానిలో ప్రవేశమునకు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష వ్రాయవలెను. ఆ పరీక్షను 2021 నుండి 13 భాషలలో జరుపుచున్నారు. తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములలోను, కన్నడ ప్రశ్నపత్రము కర్ణాటక కేంద్రములలోను లభించును. రాజ్యాంగమున 2012 నాటి సవరణముచే చేర్చిన 371-జె అధికరణము వలన మన రాయచూరు మున్నగు జిల్లాల స్థానికులకు విద్యలోను ఉద్యోగములలోను ప్రత్యేకావకాశములు ఏర్పడినవి. ఆ హక్కు ఈ ప్రాంతమునకు చెందిన వారందఱిదియు. ఇంటిలో మాటాడు భాషను బట్టి అది పోదు. దానికి కావలసిన పత్రములను సకాలమున తీసి ఉంచుకొనుట మీ పని. అందుకు సహాయము చేయుట మా పని.

మన పిల్లలకు ఉన్న ఒక సంపదను మనమే గుర్తింపకున్నాము. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, పుస్తకమున ఇంగ్లీషు, సంతలో ఉర్దూ మాటలు. మన బిడ్డ పదేండ్లు నిండకముందే నాలుగు భాషలు చెవిని పడవేసికొనుచున్నాడు. ఫోనునకు తెలుగు నేర్పువారు పుస్తకపు తెలుగును బాగుగానే నేర్పిరి. కాని మన క్యాంపులో, కన్నడము కలిసి, పల్లె యాసతో నడచు మాటను వినునప్పుడు అది తికమకపడుట మీరు చూచియే యుందురు. 2022లో భారత ప్రభుత్వము భాషిణి యను పథకమును ఆరంభించినది. దేశభాషలను కంప్యూటరునకు నేర్పుట దాని ఉద్దేశము. ఇట్టి పనికి కంప్యూటరు మాత్రమే తెలిసినవాడు చాలడు; భాష మాత్రమే తెలిసినవాడును చాలడు. రెండును తెలిసినవాడు కావలెను. తెలుగును మఱచిన ఇంజనీరునకు ఈ పనిలో చోటు తక్కువ. బ్యాంకులో, ఆస్పత్రిలో, రైతు సేవాకేంద్రములో రేపు యంత్రము మన అవ్వ మాటను గ్రహింపకున్నచో, నష్టపోవునది మన అవ్వయే. ఆ యంత్రమునకు ఆమె మాటను నేర్పదగినవాడు ఆమె మనుమడో, మనుమరాలో గాక మఱెవ్వరు?

మనుమరాలు అంటిని. ఆ మాటను అలవోకగా అనలేదు. పదవ తరగతి ముగిసిన వెంటనే బాలికల చదువును మాన్పించు ఇండ్లు మనలో ఇంకను కలవు. గణితమున ముందున్న బాలికను నాట్లకు పంపి, వెనుకబడిన అన్నను అప్పుచేసి పట్నమునకు పంపుట నేను చూచుచున్నాను. చక్కగా ఆలోచించు బుద్ధికి ఆడ మగ తేడా లేదు. ఇప్పుడు చెప్పిన జానెట్ బేకరుగారు స్త్రీయే గదా!

అట్లని ప్రతివాడును సాఫ్ట్‌వేరు ఇంజనీరే కావలెనని పట్టుపట్టవలదు. ఆ వృత్తిలోను ఎత్తుపల్లములు కలవు. వేలాదిమందిని ఒక్కసారిగా తీసివేసిన వార్తలు పత్రికలలో మీరు చదువుచున్నారు. ఎకరము తాకట్టుపెట్టి, పిల్లవానికి రుచిలేని చదువును కొనిపెట్టుట ఉభయభ్రష్టత్వము. మంచి నర్సు, మంచి విద్యుత్ పనివాడు, మంచి రైతు, మంచి ఉపాధ్యాయుడు కూడ ఊరికి కావలెను. క్రమముగా ఆలోచించు అలవాటు వీరందఱికిని అవసరమే.

కడపట మిమ్ములను కోరునవి కొన్ని కలవు. పిల్లవాడు సాయంత్రము ఇంటికి రాగానే "ఎన్ని మార్కులు?" అని గాక, "ఈనాడు ఏమి నేర్చితివి, నాకు చెప్పు" అని అడుగుడు. మీరు చదువుకొననివారైనను వెనుదీయవలదు. మీకు అర్థమగునట్లు వాడు చెప్పగలిగినచో వానికి పాఠము వచ్చినట్లే. చెప్పలేకున్నచో మఱునాడు మా యొద్దకు పంపుడు. వడ్లు తూచునపుడు, కూలి లెక్క కట్టునపుడు, ఎరువు బస్తాల లెక్క చూచునపుడు వానిని ప్రక్కన కూర్చుండబెట్టి లెక్క వానిచేతనే చేయింపుడు. ఇంటి పెద్దలు పైరుల పేర్లు, పనిముట్ల పేర్లు, పాత సామెతలు పిల్లలకు చెప్పుచుండుడు. కన్నడమును పరాయి భాషగా చూడనీయకుడు. అది మనకు అన్నము పెట్టిన నేల భాష. ఇంగ్లీషును దినమునకు పది వాక్యములైనను బిగ్గఱగా చదివింపుడు. ఫోను కొనిచ్చుటకు ముందు దానిని ఎంతసేపు, దేనికొఱకు వాడవలెనో కట్టడి చేయుడు.

మా వంతుగా, ఇంగ్లీషును కంఠస్థము చేయించుట మాని మాటాడించుటకు, గణితమున వెనుకబడిన పిల్లలను సాయంత్రము నిలిపి చెప్పుటకు, మనకున్న కొద్ది కంప్యూటర్లను బీరువాలో దాచక పిల్లల చేతికిచ్చుటకు మా ఉపాధ్యాయులు సిద్ధముగా నున్నారు. ఈ మాటను సభాముఖమున ఇచ్చుచున్నాను. రానున్న సంవత్సరము నివేదిక చదువునపుడు మీరు దీనిని గుర్తుచేసి నన్నడుగవచ్చును.

బదిలీ పత్రము కోరి వచ్చినవారికి దానిని నిరాకరించు అధికారము నాకు లేదు, నిరాకరింపను. కాని సంతకము పెట్టుటకు ముందు "మీ పిల్లవానికి ఈ బడిలో నేమి కొఱవడినది?" అని తప్పక అడుగుదును. మీరు దాపరికము లేక చెప్పినచో, దిద్దదగినదానిని దిద్దుకొందుము. పిల్లవాని మేలు కొఱకే మీరు వత్తురని నే నెఱుగుదును. మేమును వాని మేలు కొఱకే ఇచట నున్నాము.

 పిల్లల నాటక ప్రదర్శన కొఱకు మీరెదురుచూచుచున్నారని యెఱుగుదును. సెలవు.